రెండు మార్కుల రేచల్ కార్సన్

దసరా సెలవులకి ఇంటికి వెళ్లిన రెండో రోజు. పండగ ముందు మా ఇంట్లో బూజులు దులపడం, అటక మీది సామాను దింపడం, బాత్రూమ్ రుద్ది కడగడం అన్నీ ఒక్క రోజులో అయిపోవాలి. నేను హాల్లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నా. బాత్రూమ్‌లోంచి అమ్మ దగ్గు వినిపించింది. దుమ్ముకి వచ్చిన దగ్గే అనుకుని పట్టించుకోలేదు. రెండు నిమిషాలయ్యాక కూడా అది ఆగలేదు. వెళ్లి చూస్తే అమ్మ గుమ్మం పట్టుకుని వంగిపోయి ఉంది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఊపిరి అందడం లేదు. లోపలి ఘాటు నా ముక్కుకి తగలగానే విషయం అర్థమైంది. ఆ వాసన నాకు తెలుసు. ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ దాటి బయటికి రాకూడని వాసన అది. క్లోరిన్.

నాన్న, నేను కలిసి అమ్మని వాకిట్లోకి తీసుకొచ్చాం. తలుపులు, కిటికీలు అన్నీ తీశాం. ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్తే ఆక్సిజన్, నెబ్యులైజర్ పెట్టి సాయంత్రం దాకా ఉంచుకుని పంపించారు. గండం గడిచింది. ఇంటికొచ్చాక అమ్మ చెప్పింది ఏం చేసిందో. మూలల్లో పాచి పట్టిందని బ్లీచింగ్ పౌడర్ చల్లింది. అది చాల్లేదని దాని మీదే యాసిడ్ పోసింది. విడివిడిగా ఈ రెండూ పదేళ్ల నుంచి వాడుతోంది. రెండూ కలిపితే ఇంకా బాగా వదులుతుంది కదా అనుకుందట.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే బ్లీచింగ్ పౌడర్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిస్తే క్లోరిన్ వస్తుందని నేను ఇంటర్‌లో ఈక్వేషన్ బ్యాలెన్స్ చేసి మరీ రాశాను. ఇప్పుడు కెమికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇన్నేళ్లలో ఆ ఒక్క ముక్క అమ్మకి చెప్పాలని ఏనాడూ తోచలేదు. యాసిడ్ వచ్చింది ఒక పాత సీసాలో, దాని మీద చీటీ కూడా లేదు. బ్లీచింగ్ పౌడర్‌ని కొట్టువాడు తూకం వేసి కవర్లో కట్టి ఇచ్చాడు. అమ్మకి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాడిని నేను ఇంట్లోనే ఉన్నాను.

కాలేజీకి తిరిగొచ్చాక కూడా అదే మనసులో తిరుగుతోంది. ఫస్టియర్‌లో మనందరం చదివిన ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ గుర్తుందా? అందులో రేచల్ కార్సన్ అని ఒక పేరు వస్తుంది. సైలెంట్ స్ప్రింగ్, 1962, డీడీటీ. ఈ మూడు ముక్కలు రాస్తే రెండు మార్కులు. నేనూ అంతే రాశాను. లైబ్రరీలో ఒకరోజు ఆ పుస్తకం కనిపిస్తే తీశాను. పక్షులు, చేపల గురించి ఉంటుందనుకున్నా. పదకొండో అధ్యాయానికి వచ్చేసరికి ఆవిడ మా ఇంటి గురించి రాస్తున్నట్టు అనిపించింది. తర్వాత ఆవిడ జీవితం గురించి దొరికినంతా చదివాను. ఆ రెండు మార్కుల వెనక ఎంత ఉందో మీకు చెప్పాలనే ఈ వ్యాసం.

రేచల్ 1907 మే 27న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. పిట్స్‌బర్గ్ ఉక్కు ఫ్యాక్టరీలకి దగ్గర్లో, అలెఘెనీ నది ఒడ్డున ఉండే ఊరు. ఆ ఊళ్లోనే జిగురు తయారుచేసే ఫ్యాక్టరీ కూడా ఒకటి ఉండేది, దాని కంపు ఊరంతా వ్యాపించేదట. తండ్రి సంపాదన అంతంతమాత్రం. తల్లి మరియా ఒకప్పుడు టీచరు. ఆవిడే పిల్లని పొలాల వెంట, చెట్ల వెంట తిప్పి పక్షుల పేర్లు, పురుగుల పేర్లు నేర్పింది. ఇంట్లోకి పురుగు వస్తే చంపకుండా బయట వదిలే మనిషి ఆవిడ. ఆ తల్లి కూతురు తర్వాత పురుగుల మందుల మీద పుస్తకం రాసిందంటే ఆశ్చర్యమేముంది!

రచయిత్రి కావాలన్నది రేచల్ చిన్ననాటి కోరిక. పిల్లల పత్రికలో మొదటి కథ అచ్చయ్యేటప్పటికి ఆమెకి పదకొండేళ్లు. కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం కోసం చేరింది. మధ్యలో మేరీ స్కింకర్ అనే లెక్చరర్ చెప్పిన బయాలజీ పాఠాలు విని మేజర్ మార్చేసుకుంది. మన దగ్గర బ్రాంచ్ మారడానికి ఎంత ఆలోచిస్తామో తెలుసు కదా. ఆ రోజుల్లో సైన్సు చదివిన ఆడపిల్లకి ఉద్యోగం దొరకడమే కష్టం. ఫీజులు కట్టడానికి తల్లి ఇంట్లో ఉన్న మంచి పింగాణీ గిన్నెలు కూడా అమ్మింది. 1932లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జువాలజీలో మాస్టర్స్ పూర్తయింది. పీహెచ్‌డీ చేయాలని ఉన్నా ఇంటి పరిస్థితి ఒప్పుకోలేదు. 1935లో తండ్రి పోయాడు. తల్లి బాధ్యత ఆమె మీద పడింది. రెండేళ్లు తిరగకుండానే అక్క చనిపోయింది. అక్క ఇద్దరు కూతుళ్లూ వీళ్ల దగ్గరికే వచ్చారు. ముప్ఫై ఏళ్లకే ఇల్లంతా ఆమె జీతం మీద నడిచింది.

ఆ జీతం వచ్చింది ప్రభుత్వ మత్స్యశాఖ నుంచి. మొదట చేపల మీద రేడియో కార్యక్రమాలకి స్క్రిప్టులు రాసే పని. తర్వాత పరీక్ష రాసి శాస్త్రవేత్తగా చేరింది. పగలంతా ఆఫీసు, రాత్రి సొంత రాత. సముద్రం గురించి రాసిన మొదటి పుస్తకం 1941 నవంబర్లో వచ్చింది. కొద్ది వారాలకే పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి అమెరికా యుద్ధంలోకి దిగింది. పుస్తకాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పదేళ్లు ఆగి, 1951లో రెండో పుస్తకం ది సీ అరౌండ్ అస్ వచ్చింది. అది 86 వారాలు న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాలో నిలిచింది. నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. 1952లో ఉద్యోగం మానేసి పూర్తిగా రచయిత్రి అయిపోయింది. అక్కడితో ఆగిపోయినా సుఖంగా బతికేదే.

ఇక్కడ కాస్త డీడీటీ సంగతి చెప్పాలి. ఈ పదార్థాన్ని పంతొమ్మిదో శతాబ్దంలోనే తయారుచేశారు. కానీ అది పురుగుల్ని చంపుతుందని 1939లో స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త పాల్ ముల్లర్ కనుక్కున్నాడు. యుద్ధంలో సైనికులకి పేల వల్ల వచ్చే టైఫస్‌ని, దోమల వల్ల వచ్చే మలేరియాని అది అడ్డుకుంది. ముల్లర్‌కి 1948లో నోబెల్ ఇచ్చారు. అందులో అన్యాయమేమీ లేదు, అది లక్షల ప్రాణాలు కాపాడింది. మన దేశంలో కూడా 1953లో మొదలైన మలేరియా నియంత్రణ కార్యక్రమానికి అదే ఆధారం. మలేరియా వాళ్లు ఇంటింటికీ వచ్చి గోడలకి డీడీటీ కొట్టి, తేదీ గోడ మీద రాసిపెట్టి వెళ్లేవారని మా నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంది.

తేడా ఎక్కడొచ్చిందంటే, 1945లో యుద్ధం అయిపోగానే డీడీటీ మామూలు జనానికి అమ్మకానికి వచ్చింది. యుద్ధంలో గెలిపించిన మందు కాబట్టి ఇంట్లో వాడితే తప్పేంటి అన్నట్టు అమ్మారు. పిల్లల గదికి అతికించుకోవడానికి డీడీటీ పూసిన వాల్‌పేపర్ వచ్చింది, బొమ్మలతో సహా. గోడలకి వేసే రంగుల్లో కలిపారు. రేచల్ అదే ఏడాది డీడీటీ పరీక్షల మీద వ్యాసం రాస్తానని రీడర్స్ డైజెస్ట్‌కి ఉత్తరం రాసింది. వాళ్లు వద్దన్నారు. ఆమె మళ్లీ సముద్రం వైపు వెళ్లిపోయింది. ఆ ఆలోచన పన్నెండేళ్లు అలాగే ఉండిపోయింది.

1958 జనవరిలో మసాచుసెట్స్ నుంచి ఓల్గా హకిన్స్ అనే స్నేహితురాలి ఉత్తరం వచ్చింది. దోమల కోసం విమానంతో మందు చల్లితే తన తోటలో పక్షులు చచ్చి పడ్డాయని దాని సారాంశం. అప్పటికే న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో కొందరు తమ ఇళ్ల మీద, తోటల మీద మందు చల్లొద్దని కోర్టుకి వెళ్లారు. వాళ్లు ఓడిపోయారు కానీ ఆ కేసు కాగితాలు రేచల్‌కి బోలెడు సమాచారం ఇచ్చాయి. ఇంకెవరైనా రాస్తారేమో అని మొదట చూసింది. చివరికి తనే కూర్చుంది.

ఆమె పరిస్థితి ఎలా ఉందో చూడండి. తను పెంచిన మేనకోడలు 1957లో చనిపోయింది. ఆ అమ్మాయి ఐదేళ్ల కొడుకు రోజర్‌ని రేచల్ దత్తత తీసుకుంది. తనకి యాభై ఏళ్లు. 1958 డిసెంబర్లో తల్లి పోయింది. ఒకవైపు చిన్నపిల్లాడు, ఒకవైపు వందల కొద్దీ పరిశోధన పత్రాలు. ప్రభుత్వ శాఖల్లో పాత పరిచయాలు ఉండటంతో లోపలి నుంచి కాగితాలు అందేవి. డాక్టర్లకి, కీటక శాస్త్రవేత్తలకి ఉత్తరాలు రాసి, ప్రతి వాక్యానికీ ఆధారం దొరికించుకునేది. పుస్తకం చివర ఆధారాల జాబితానే యాభై పేజీల పైన ఉంటుంది. మన మినీ ప్రాజెక్ట్ రిపోర్టు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

1960 ఏప్రిల్‌లో ఆమెకి రొమ్ములో గడ్డలు ఉన్నాయని ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. అది క్యాన్సరా అని ఆమె నేరుగా అడిగింది. డాక్టరు అవునని చెప్పలేదు. ఆ రోజుల్లో రోగికి, ముఖ్యంగా ఆడవాళ్లకి, క్యాన్సర్ అని చెప్పకుండా దాచడం మామూలు. అందుకని అప్పుడు రేడియేషన్ కూడా ఇవ్వలేదు. డిసెంబర్లో కొత్త గడ్డ కనిపిస్తే వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లింది. అప్పుడు తెలిసింది నిజం. అప్పటికి అది పాకిపోయింది.

ఇది చదివాక నేను పుస్తకం మూసేసి కాసేపు బయట తిరిగొచ్చాను. జనం వాడే వస్తువుల్లో ఏముందో జనానికి తెలియాలి అని ఆమె పుస్తకం రాస్తోంది. అదే సమయంలో ఆమె ఒంట్లో ఏముందో ఆమెకే చెప్పలేదు. రెండు చోట్లా తెలిసినవాళ్లు ఉన్నారు, చెప్పలేదంతే. ఆమెకి వచ్చిన క్యాన్సర్ రసాయనాల వల్లే అని ఆమె ఎప్పుడూ అనలేదు, నేనూ అనడం లేదు. కానీ క్యాన్సర్ మీద ఉన్న పద్నాలుగో అధ్యాయం ఆ రోగంతోనే పూర్తిచేసింది. 1961 మొదట్లో కళ్లకి వాపు వచ్చి కొన్ని వారాలు చదవలేకపోయింది. అసిస్టెంట్ పైకి చదివితే విని సరిదిద్దుకునేది. జబ్బు సంగతి దగ్గరివాళ్లకి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. తెలిస్తే, రోగంతో ఉన్న మనిషి కోపంతో రాసిందంటారని ఆమె భయం.

ఇప్పుడు నేను చెప్పిన పదకొండో అధ్యాయం. అందులో విమానాలు లేవు, అడవులు లేవు. వంటగది, బట్టల బీరువా, పెరడు ఉన్నాయి. ఆ రోజుల్లో అమెరికా సూపర్ మార్కెట్లో ఏం అమ్ముతున్నారో ఆమె ఒక్కొక్కటే చూపిస్తుంది. వంటగది అరల్లో పరుచుకోవడానికి రెండు వైపులా పురుగుల మందు పట్టించిన కాగితం. మీద నడిచిన పురుగు చచ్చిపోయేలా నేలకి పూసే మైనం. బీరువాలో వేలాడదీసే లిండేన్ పట్టీలు. లిండేన్‌ని వేడిచేసి గదంతా ఆవిరి నింపే కరెంటు పరికరాలు. పెరట్లో నీళ్ల పైపుకే బిగించుకుని, నీళ్లతో పాటు క్లోర్డేన్, డైల్డ్రిన్ చల్లుకునే జాడీలు. ఈ డబ్బాలు ఊరగాయల పక్కనే, సబ్బుల పక్కనే, చిన్నపిల్లల చేతికి అందే ఎత్తులో ఉండేవని రాసింది. అదే ఊళ్లో మందుల షాపులో కాస్త ఘాటైన మందు కొనాలంటే పుస్తకంలో సంతకం పెట్టాలి. వీటికి అదేమీ అక్కర్లేదు. హెచ్చరిక ఉంటుంది కానీ, వెతికితే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో.

లిండేన్ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా నాయనమ్మ చీమలకి, బొద్దింకలకి చల్లే గమాక్సిన్ పొడి మీలో ఎంతమంది ఇళ్లల్లో ఉండేదో. పొయ్యి గట్టు కింద, బియ్యం డ్రమ్ము చుట్టూ ముగ్గులా చల్లేది, ఒట్టి చేత్తో. ఆ పొడి బీహెచ్‌సీ. అందులో పురుగుని చంపే గామా రూపాన్ని విడిగా తీస్తే అదే లిండేన్. మన దేశంలో బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. లిండేన్ వాడకం ఆగింది 2013లో. రేచల్ రాసింది 1962లో.

మన దేశం ప్రస్తావన ఆ పుస్తకంలోనే ఇంకోచోట ఉంది. 1958లో భారతదేశంలో పారాథియాన్ వల్ల దాదాపు వంద మంది చనిపోయారని ఆమె రాసింది. అది కేరళలో జరిగింది. ఓడలో ఆహార పదార్థాలతో పాటే ఆ పురుగుల మందునీ తెచ్చారు. అది కారి తిండిలో కలిసింది. తిన్నవాళ్లకి తెలియదు. ఆ ఘటన మీద విచారణ వేశాకే మనకి 1968లో ఇన్‌సెక్టిసైడ్స్ యాక్ట్ వచ్చింది. ఇవాళ మన హాస్టల్ రూములో దోమల మందు రీఫిల్ డబ్బా మీద చిన్న డైమండ్ గుర్తు ఉంటుంది చూడండి. అది ఆ చట్టం కింద వచ్చిన నియమాల వల్లే. ఎరుపైతే అత్యంత విషం, పసుపు దాని తర్వాత, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ కొద్దిపాటి విషం. ఆకుపచ్చ అంటే వెజ్ గుర్తులా సేఫ్ అని నేను ఇన్నాళ్లు అనుకున్నా. కాదు. విషాల్లో చివరి మెట్టు అంతే.

మళ్లీ కథలోకి వద్దాం. 1962 జూన్‌లో న్యూయార్కర్ పత్రికలో సీరియల్‌గా, సెప్టెంబర్ 27న పుస్తకంగా సైలెంట్ స్ప్రింగ్ వచ్చింది. అచ్చు కాకముందే ఒక రసాయన కంపెనీ ప్రచురణకర్తకి లాయర్ నోటీసు లాంటి ఉత్తరం పంపింది. ప్రచురణకర్త వెనక్కి తగ్గలేదు. ఇంకో పెద్ద కంపెనీ, పురుగుల మందులు లేని ప్రపంచం ఎంత భయంకరంగా ఉంటుందో చెబుతూ ఎగతాళి వ్యాసం అచ్చు వేసింది. పీహెచ్‌డీ లేదన్నారు, కమ్యూనిస్టు అన్నారు. పెళ్లి కాని ఆడమనిషికి రాబోయే తరాల గురించి చింత ఎందుకని కూడా అన్నారు. అన్నిటికీ ఆమె సమాధానం ఒక్కటే, పుస్తకం చివరి ఆధారాల పేజీలు.

నిజానికి రసాయనాలన్నీ ఆపేయమని ఆమె ఎక్కడా అనలేదు. మలేరియా మీద డీడీటీ వాడొద్దనీ అనలేదు. ఇష్టం వచ్చినట్టు అన్నిచోట్లా చల్లితే దోమలు దానికి అలవాటు పడిపోతాయి, అప్పుడు నిజంగా అవసరమైన చోట అది పనిచేయదు అని హెచ్చరించింది. తర్వాత చాలా చోట్ల అదే జరిగింది. ఆవిడ వల్ల కోట్ల మంది మలేరియాతో చచ్చిపోయారని ఇప్పటికీ నెట్‌లో పోస్టులు తిరుగుతుంటాయి, మీరు చూసే ఉంటారు. అది వాస్తవం కాదు. మన దేశంలో పంటల మీద డీడీటీ వాడకం 1989లో ఆగినా, మలేరియా, కాలా అజార్ కోసం వాడకం ఆ తర్వాత కూడా సాగింది. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం కూడా రోగాలు మోసే దోమల కోసం మినహాయింపు ఇచ్చింది. అలాగని ఆమె రాసిన ప్రతిదీ నేటికీ అక్షరాలా నిలబడిందని కాదు. క్యాన్సర్ గురించి రాసిన వాటిలో కొన్నిటికి అప్పటికి ఉన్న ఆధారాలు తక్కువే. కానీ ఏది ఎంత వాడాలి, ఎవరికి తెలియాలి అన్న ప్రశ్న మాత్రం నిలిచింది.

1963 ఏప్రిల్ 3న సీబీఎస్ టీవీ ఆమె మీద గంట కార్యక్రమం ప్రసారం చేసింది. దానికి ముందే ఐదుగురు స్పాన్సర్లలో ముగ్గురు తప్పుకున్నారు. ఛానెల్ ఆపలేదు. కోటి మందికి పైగా చూశారు. ఎదుట తెల్లకోటు వేసుకున్న కంపెనీ శాస్త్రవేత్త ఆవేశంగా మాట్లాడుతుంటే, రేచల్ కుర్చీలో కూర్చుని నెమ్మదిగా, తడబడకుండా చెప్పింది. ఆవిడ ఎంత జబ్బుగా ఉందో చూసినవాళ్లకి తెలియదు. మే నెలలో అధ్యక్షుడు కెన్నెడీ సలహా సంఘం నివేదిక వచ్చింది. ఈ పుస్తకం వచ్చే దాకా ఈ మందుల విషగుణం గురించి జనానికి పెద్దగా తెలియదని అందులో ఒప్పుకున్నారు. జూన్ 4న సెనేట్ కమిటీ ముందు ఆమె సాక్ష్యం చెప్పింది. అప్పటికి రేడియేషన్ వల్ల జుట్టు ఊడి విగ్గు పెట్టుకుంటోంది, నడవడం కష్టంగా ఉంది. ఇంకొకరు చల్లే విషం నుంచి తన ఇంట్లో తాను భద్రంగా ఉండటం పౌరుల హక్కు అని అక్కడ వాదించింది. ప్రమాదం అర్థం చేసుకోగలిగినవాళ్లకే ఇలాంటి మందులు అమ్మాలని కోరింది.

1964 ఏప్రిల్ 14న, మేరీల్యాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో తన ఇంట్లో రేచల్ చనిపోయింది. 56 ఏళ్లు. రోజర్‌కి అప్పటికి పన్నెండేళ్లు. పుస్తకం వచ్చాక ఆమె బతికింది ఏడాదిన్నర. 1970లో అమెరికాలో పర్యావరణ రక్షణ సంస్థ ఏర్పడింది. 1972లో అక్కడ డీడీటీ వాడకాన్ని దాదాపు పూర్తిగా నిషేధించారు. ఇవేవీ ఆమె చూడలేదు.

ఇదంతా చదివాక నేను మా హాస్టల్ రూమ్ చుట్టూ ఒకసారి చూశాను. పది బై పది గది, ముగ్గురం. సాయంత్రం ఆరింటికి కిటికీ మూసేస్తాం, దోమల మందు ప్లగ్‌లో పెట్టేస్తాం, తెల్లారేదాకా అది ఆవిరవుతూనే ఉంటుంది. పైన బొద్దింకల స్ప్రే. బట్టల ట్రంకులో కలరా ఉండలు. ఇవన్నీ పారేసి సన్యాసం పుచ్చుకోమని నేను చెప్పను, డెంగ్యూ వస్తే ఏమవుతుందో మన బ్లాకులో అందరికీ తెలుసు. మేము చేసిందల్లా ఇది: కిటికీకి వెల్క్రోతో అంటించే నెట్ కొన్నాం, ముగ్గురం పంచుకుంటే ఎంతో కాలేదు. ఇప్పుడు ప్లగ్ రాత్రంతా అవసరం పడటం లేదు. స్ప్రే కొడితే బయటికొచ్చి తలుపు వేసి, తర్వాత అన్నీ తీసి గాలి ఆడాకే లోపలికి వెళ్తున్నాం. కూల్‌డ్రింక్ బాటిల్లో ఫినాయిల్ పోసి పెట్టే అలవాటు మా బాత్రూమ్‌లో ఉండేది, అది మాన్పించాం. ఇంట్లో పసిపిల్లలు ఉన్నవాళ్లకి ఒక మాట. కలరా ఉండలు వేసి దాచిన బట్టలు నేరుగా పిల్లలకి తొడగొద్దు. జీ6పీడీ లోపం ఉన్న పసికందులకి ఆ వాసనతోనే ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. పిల్లాడికి ఆ లోపం ఉందో లేదో ముందుగా మనకి తెలియదు కదా.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు తెల్ల స్టిక్కర్లు, నల్ల మార్కర్ తీసుకెళ్లాను. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో సీసా తీసి, అదేంటో, దేంతో కలపకూడదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను. యాసిడ్ సీసా మీద, బ్లీచింగ్‌తో కలపకూడదు, ప్రాణానికి ప్రమాదం అని రాశాను. రెండిటినీ వేరు వేరు చోట్ల పెట్టాం. అమ్మ ఊరికే వినలేదు. గిన్నెల సబ్బు సంగతేంటి, గోరింటాకు కోన్ సంగతేంటి, తలకి వేసే రంగులో ఏముంటుంది అని వరసగా అడిగింది. సగం ప్రశ్నలకి నాకు జవాబు రాలేదు. తెలుసుకుని చెప్తానన్నాను. మూడేళ్లుగా నేను చదువుతున్న చదువు గురించి అమ్మ ఇన్ని ప్రశ్నలు అడగడం అదే మొదటిసారి.

మొన్న ఫోన్ చేస్తే, పక్కింటి పిన్ని వచ్చి స్టిక్కర్లు చూసి, తనకీ రాసిపెట్టమందని చెప్పింది. నేను వచ్చేదాకా ఆగకుండా అమ్మే రాసిచ్చేసిందట.

జూనియర్స్‌కి ఒక మాట. రేచల్ కార్సన్ ప్రశ్న ఈ సెమ్‌లో కూడా వచ్చే అవకాశం ఉంది. సైలెంట్ స్ప్రింగ్, 1962, డీడీటీ. రెండు మార్కులు వచ్చేస్తాయి. పరీక్ష రాసి ఇంటికెళ్లాక మీ బాత్రూమ్ అరలో ఏ సీసా పక్కన ఏ డబ్బా ఉందో ఒకసారి చూసి, మీ అమ్మతో మాట్లాడండి. నేను నాలుగేళ్లు ఆలస్యం చేశాను.